పల్లె బస్సు ఖర్చు ఎవరిది, నిర్ణయం ఎవరిది?

ఒక ఊరికి బస్సు పొద్దున ఏడింటికి రావాలా, పదింటికి రావాలా? కాలేజీ విడిచాక తిరుగు బస్సు ఉండాలా? పదిమంది కూడా ఎక్కని ఆఖరి ట్రిప్పును నడపాలా, ఎత్తేయాలా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే అధికారం తెలంగాణలో గ్రామ పంచాయతీకి లేదు, మండల పరిషత్తుకు లేదు, మున్సిపాలిటీకి లేదు, జిల్లా పరిషత్తుకూ లేదు. డిపోలో కిలోమీటరుకు వచ్చే రాబడి చూసి డిపో మేనేజరు తేలుస్తారు. ఆ లెక్కకు హద్దులు గీసేది హైదరాబాద్‌లోని ఆర్టీసీ కేంద్ర కార్యాలయం బస్ భవన్. బస్ భవన్‌కు డబ్బు రావలసింది సచివాలయం నుంచి. బస్సు కోసం ఎదురుచూసే ఊరికి ఈ వరుసలో చట్టం ఇచ్చిన చోటంటూ లేదు. వినతిపత్రం ఇవ్వొచ్చు, రోడ్డు మీద కూర్చోవచ్చు, ఎమ్మెల్యేను అడగొచ్చు. అంతకుమించి చేయగలిగింది లేదు.

పల్లె బస్సు నష్టాల గురించి మనం చాలాకాలంగా మాట్లాడుకుంటున్నాం. నష్టం ఎంత అన్న చర్చే తప్ప, ఏ ట్రిప్పు ఊరికి అవసరం, దాన్ని ఎవరు నిర్ణయించాలి, నిర్ణయించినవారు ఎంత భరించాలి అన్న చర్చ జరగలేదు. ఆ ప్రశ్నను మన చట్టాలు, మన అనుభవం, పొరుగు రాష్ట్రాల ప్రయోగాలు, బయటి దేశాల పద్ధతుల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కోస్గి నుంచి చూస్తే

ఈ ప్రశ్నను హైదరాబాద్ నుంచి చూడటం కంటే నారాయణపేట జిల్లా కోస్గి నుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. కోస్గికి రైలు లేదు. రైలెక్కాలంటే తాండూరుకో మహబూబ్‌నగర్‌కో పోవాలి. వికారాబాద్ నుంచి కృష్ణా స్టేషన్ దాకా లైను వేయాలన్న కోరిక దశాబ్దాలుగా కోరికగానే ఉంది. కాబట్టి ఇక్కడ ప్రజా రవాణా అంటే ఆర్టీసీ బస్సే. అది లేనిచోట ఆటో, జీపు, లేదంటే ఎవరిదో మోటారు సైకిల్ వెనక సీటు.

కోస్గిలో ఆర్టీసీ డిపో ఉంది. 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. అంతకు ముందూ తర్వాతా జిల్లాల గీతలు రెండుసార్లు మారాయి. 2016 అక్టోబరులో కొడంగల్, దౌల్తాబాద్, బొంరాస్‌పేట వికారాబాద్ జిల్లాలోకి వెళ్లాయి. కోస్గి, మద్దూరు మహబూబ్‌నగర్‌లోనే మిగిలాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండూ అందులో చేరాయి. అంటే కలెక్టరాఫీసు పనికి ఇదివరకు మహబూబ్‌నగర్ పోయిన మనిషి ఇప్పుడు నారాయణపేట పోవాలి. పెద్దాసుపత్రికి, పెద్ద అంగడికి మాత్రం పాత దారే. ఆర్టీసీ లెక్కల్లో కోస్గి డిపో నేటికీ మహబూబ్‌నగర్ రీజియన్‌లోనిదే. జిల్లాను మార్చిన ప్రభుత్వం, జిల్లా మారితే జనం నడక ఎటు మారుతుందో చూసి బస్సుల పట్టిక మార్చే బాధ్యతను ఏ ఒక్కరికీ అప్పగించలేదు.

ఇప్పుడు కోస్గికి కొత్త అవసరాలూ వచ్చాయి. ఇది ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రాతినిధ్యం వహిస్తున్న కొడంగల్ నియోజకవర్గం. 2024 ఫిబ్రవరి 21న కోస్గి సభలోనే నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతలతో సహా వేల కోట్ల పనులకు శంకుస్థాపన జరిగింది. ఇక్కడి పాలిటెక్నిక్ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. ఇవన్నీ కావలసినవే. అయితే గుండుమాల్ దిక్కునో మద్దూరు దిక్కునో ఉన్న పల్లెలో ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి ఆ కాలేజీలో చేరాలా వద్దా అన్నది ఇంట్లో తేలేది సీటు వచ్చినప్పుడు కాదు, బస్సు టైం తెలిసినప్పుడు. పొద్దున క్లాసుకు అందించే బస్సు, సాయంత్రం చీకటి పడకముందు ఇంటికి చేర్చే బస్సు ఉంటే కాలేజీ ఉన్నట్టు. లేకుంటే ఆ భవనం ఆ అమ్మాయికి లేనట్టే. 2011 జనగణన లెక్కల్లో నేటి నారాయణపేట జిల్లా ప్రాంతపు అక్షరాస్యత సగం దగ్గరే ఆగిపోయింది. ఇలాంటి జిల్లాలో ఒక ట్రిప్పు విలువను టికెట్ల సొమ్ముతో తూచి ఊరుకోకూడదు.

పాలమూరు వలసనూ ఇక్కడ తలచుకోవాలి. ముంబై, పుణె పనులకు పోయే కుటుంబాలు ఈ మండలాల్లో తరాలుగా ఉన్నాయి. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు. నెలనెలా పింఛను, బీపీ గోలీలు, బ్యాంకు పని, రేషను. వీళ్లలో బండి నడపగలిగినవాళ్లు తక్కువ. బస్సు ఎత్తేస్తే మొదట ఆగిపోయేది వీళ్ల ప్రయాణమే.

లాభం చూడాలి, అందరికీ నడపాలి

ఇక్కడి రోడ్డు రవాణాకు ప్రభుత్వ చరిత్ర పాతది. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. అదే 1958 జనవరి 11న ఏర్పడ్డ ఏపీఎస్ఆర్టీసీకి పునాది. రాష్ట్ర విభజన తర్వాత టీఎస్ఆర్టీసీ, ఇప్పుడు టీజీఎస్ఆర్టీసీ.

కార్పొరేషన్లను నడిపించే 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలోనే చిక్కుముడి ఉంది. 18వ సెక్షన్ సమర్థమైన, చాలినంత, పొదుపైన, పొందికైన రవాణా అందించడం సంస్థ విధి అంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల ప్రకారం నడవాలంటుంది. చాలినంత బస్సు నడపాలి, వ్యాపారమూ దెబ్బతినకూడదు. ఈ రెండూ కుదరని రూటులో ఏం చేయాలి?

ముప్పై నలభై ఏళ్ల కిందటి వరకు దీనికి ఒక జవాబు ఉండేది. మోటారు వాహనాల చట్టం కింద రూట్లను జాతీయం చేసి ప్రైవేటు స్టేజి క్యారేజీలను పక్కనపెట్టారు. 1988 చట్టంలో 99, 100 సెక్షన్లు ఆ పనికే. ఆ గుత్త హక్కుకు బదులుగా, నిండుగా నడిచే రూటులో మిగిలింది ఖాళీగా నడిచే రూటులో పెట్టాలన్నది ఎవరూ కాగితం మీద రాయని ఒప్పందం. హైదరాబాద్, బెంగళూరు సర్వీసుల సొమ్ముతో పల్లె బస్సు తిరిగింది.

ఆ ఒప్పందం మెల్లగా కరిగిపోయింది. దూర ప్రయాణాలను కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్లతో ప్రైవేటు బస్సులు పంచుకున్నాయి. దగ్గరి ప్రయాణాలను షేర్ ఆటోలు, మోటారు సైకిళ్లు తీసుకున్నాయి. మిగులు పోయింది, విధి మిగిలింది. అప్పటినుంచి డిపోలో మాట్లాడేది ఈపీకే, ఓఆర్ భాషలోనే. కిలోమీటరుకు ఎంత వచ్చింది, సీట్లలో ఎన్ని నిండాయి? ఈ రెండు అంకెలు పడిపోతే ముందు మధ్యాహ్నం ట్రిప్పు పోతుంది, తర్వాత నైట్ హాల్ట్ పోతుంది, చివరకు ఆ రూటే పోతుంది. ట్రిప్పులు తగ్గితే నమ్మకం తగ్గుతుంది, నమ్మకం తగ్గితే జనం ఆటోకు అలవాటు పడతారు, మళ్లీ ఓఆర్ పడిపోతుంది. డిపో మేనేజరును తప్పుపట్టి లాభం లేదు. ఆయన చేతికిచ్చిన కొలబద్ద అదే.

2019 అక్టోబరు 5 నుంచి నవంబరు 25 వరకు 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మె ఈ చిక్కును రాష్ట్రమంతటి ముందూ పెట్టింది. సమ్మె మధ్యలో 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది. ముగిశాక డిసెంబరులో కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీలు పెరిగాయి, పల్లె వెలుగు బస్సులో కనీస టికెట్టు 10 రూపాయలైంది. సమ్మెలో జీతాలు, ప్రభుత్వంలో విలీనం, అప్పుల మీద ఎంతో చర్చ జరిగింది. పల్లె ట్రిప్పును ఎవరు ఖరారు చేయాలి అన్నది మాత్రం ఎవరి డిమాండ్ల పత్రంలోనూ పెద్ద అంశం కాలేదు.

టికెట్టుకు డబ్బుంది, ట్రిప్పుకు లేదు

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్టు. దాని విలువ ప్రభుత్వం ఆర్టీసీకి కడుతుంది. 2025 జులై నాటికి 200 కోట్ల ఉచిత ప్రయాణాలు జరిగాయని, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి ఇదే దారిలో వచ్చాయి.

ఈ పథకాన్ని చిన్నచూపు చూడటం తప్పు. కూలికి పోయే ఆడమనిషి చేతిలో రోజుకు యాభై అరవై రూపాయలు మిగలడం, ఎవరినీ అడగకుండా తల్లిగారింటికో ఆసుపత్రికో పోగలగడం మామూలు మార్పు కాదు. అయినా దాని కట్టుబడిలో ఒక ఖాళీ ఉంది. ప్రభుత్వం డబ్బు కట్టేది ఎక్కిన మనిషికి. బస్సే రాని ఊరిలో ఎక్కే మనిషే లేదు కాబట్టి ఆ ఊరి లెక్కలోకి రూపాయి కూడా రాదు. మండల కేంద్రాల మధ్య కిక్కిరిసి నడిచే బస్సుకు జీరో టికెట్లు కుప్పలుగా పడతాయి. రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలున్న తండాకు ఒక్కటీ పడదు. ఆదాయం చూసుకునే సంస్థ ఉన్న బస్సును ఏ రూటుకు పంపుతుంది? ఎక్కువ టికెట్లు తెగే రూటుకే.

సబ్సిడీ రెండు రకాలు. ఒకటి ప్రయాణికుడికి: విద్యార్థి పాస్, జీరో టికెట్టు, వికలాంగుల రాయితీ. రెండోది సేవకు: ఫలానా ఊరికి, ఫలానా వేళకు, రోజూ ఇన్ని ట్రిప్పులు నడిపితే ఇంత ఇస్తామనే మాట. మన రాష్ట్రంలో మొదటిది విస్తారంగా ఉంది. రెండోది దాదాపు లేదు. సమస్య మూలం ఇక్కడుంది.

చట్టంలో స్థానిక సంస్థల చోటు

స్థానిక సంస్థలకు ఈ విషయంలో రాజ్యాంగం ఏమిచ్చింది? 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలున్నాయి. 13వ అంశంలో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, జలమార్గాలు, ఇతర రాకపోకల సాధనాలు ఉన్నాయి. బస్సు సర్వీసు పేరు పెట్టి లేదు. 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో మున్సిపాలిటీలకు 18 అంశాలున్నాయి. అందులో వీధి దీపాలు, పార్కింగు స్థలాలతో పాటు బస్‌స్టాపులు పేరుతో సహా ఉన్నాయి. మొత్తానికి బస్సు ఆగే చోటు ఊరిది, బస్సు మాత్రం రాజధానిది. ఎంపీ నిధులతో, పంచాయతీ నిధులతో కట్టిన షెల్టర్లు బస్సు రాని దారుల్లోనూ కనిపించడానికి కారణం ఈ పంపకమే. కట్టడానికి డబ్బు దొరుకుతుంది, నడపడానికి దొరకదు.

1950 చట్టంలోని 17వ సెక్షన్ రవాణా సంస్థలకు సలహా మండళ్లు వేసే వీలిచ్చింది. రాజ్యాంగంలోని 243జెడ్‌డీ అధికరణం జిల్లా ప్రణాళికా కమిటీలను పెట్టమంది. గ్రామాలు, పట్టణాల అవసరాలను ఒకచోట చేర్చి జిల్లా ప్రణాళిక వేయడం దాని పని. ఈ రెండింటినీ కలిపితే జిల్లా బస్సు పట్టిక మీద ప్రజాప్రతినిధులు కూర్చుని మాట్లాడే వేదిక కొత్త చట్టం లేకుండానే తయారవుతుంది. ఇన్నేళ్లుగా మనం దాన్ని వాడుకోలేదు.

గ్రేటర్ హైదరాబాద్ అనుభవం

స్థానిక సంస్థ బస్సుకు డబ్బు కట్టిన ఉదాహరణ తెలంగాణలో లేకపోలేదు. హైదరాబాద్ సిటీ బస్సుల నష్టాన్ని నగర పాలక సంస్థ జీహెచ్ఎంసీ పూడ్చాలని రాష్ట్రం ఏర్పడ్డ తొలి ఏళ్లలో నిర్ణయం జరిగింది. 336 కోట్ల రూపాయలు ఇచ్చాక చెల్లింపులు ఆగిపోయాయి. ఇంకా 1,400 కోట్లకు పైగా రావాలని ఆర్టీసీ అంది. కట్టే బాధ్యత తమపై లేదని, ఆర్థిక స్థితి అనుమతించదని నగర పాలక సంస్థ అంది. 2019 సమ్మె రోజుల్లో హైకోర్టులో ఈ వాదన సాగింది.

దీని నుంచి నేర్చుకోవలసింది ఒకటే. నష్టం ఎంత వస్తే అంత కట్టమంటే ఏ స్థానిక సంస్థా కట్టలేదు, కట్టకూడదు కూడా. ఏ రూటు, ఎన్ని ట్రిప్పులు, ఏ వేళలు, కిలోమీటరుకు ఎంత అన్నది ముందు రాసుకోకుండా, ఏడాది చివర వచ్చే నష్టాన్ని పంచుకుందామంటే అది తగాదాకే దారి. డబ్బు కట్టేవారికి రూటు మీద మాట ఉండాలి. ఆ మాట జీహెచ్ఎంసీకి దక్కలేదు.

పుణెలో పద్ధతి వేరు. 2007లో పుణె, పింప్రి–చించ్‌వడ్ నగరపాలికలు కలిసి పీఎంపీఎంఎల్ అనే బస్సు సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. లోటును 60, 40 శాతంగా పంచుకుంటాయి. సంస్థ వాళ్లదే కాబట్టి ఖర్చు మీద తగాదా వచ్చినా అడిగే హక్కు వాళ్లకే ఉంది. అహ్మదాబాద్ నగరపాలిక 1947 నుంచీ సొంత బస్సులు నడుపుతోంది. ఇవి పెద్ద ఊళ్ల కథలు. కోస్గి వంటి చోటుకు దగ్గరి ఉదాహరణ కేరళలో ఉంది.

కేరళ గ్రామవండి

2022 జులైలో తిరువనంతపురం జిల్లా కొల్లయిల్ పంచాయతీలో కేరళ ఆర్టీసీ ‘గ్రామవండి’ మొదలుపెట్టింది. ఏర్పాటు సరళమైనది. బస్సు, డ్రైవరు, కండక్టరు, మరమ్మతు, బీమా సంస్థవి. డీజిల్ ఖర్చు పంచాయతీది. ఏ దారిన, ఏ వేళకు తిరగాలో పంచాయతీ చెబుతుంది.

దీని బలం స్పష్టతలో ఉంది. పంచాయతీ కట్టేది ఎంతో నెల మొదట్లోనే తెలుస్తుంది. మన దగ్గర లెక్క వేసి చూద్దాం. కోస్గి నుంచి 25 కిలోమీటర్ల పల్లె రూటులో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయివస్తే రోజుకు 100 కిలోమీటర్లు. లీటరుకు ఐదు కిలోమీటర్ల చొప్పున 20 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే రోజుకు 1,900, నెలకు 57,000. ఆ దారిలో ఐదు పంచాయతీలుంటే ఒక్కోదానికి నెలకు 11,400. ఇది ఉజ్జాయింపే. అయినా ఊహకు అందని మొత్తం కాదని తెలుస్తుంది. పల్లె ప్రగతి కార్యక్రమం రోజుల్లో తెలంగాణ పంచాయతీలన్నీ ట్రాక్టర్లు కొన్నాయి. వాటి కిస్తీ, డీజిల్, డ్రైవరు జీతం పంచాయతీలే చూసుకుంటున్నాయి. చెత్తబండికి డీజిల్ పోయించడం చేతనైన పంచాయతీకి బస్సు డీజిల్ లెక్క చూడటం చేతగాదనలేం.

దీని బలహీనతా దాచకూడదు. కేరళ 1996 నుంచి రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో పెద్ద వాటాను స్థానిక సంస్థలకే ఇస్తూ వచ్చింది. మన పంచాయతీలకు ఆ దన్ను లేదు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. మిగతా 40 శాతం కూడా జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడరాదన్నారు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా తెలంగాణ గ్రామాలకు సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలనే. డబ్బున్న పంచాయతీకే బస్సు అన్న నియమం పెడితే రోడ్డుకు దగ్గరగా, ఇళ్ల పన్ను బాగా వచ్చే ఊళ్లకు రెండో బస్సు వస్తుంది, తండాకు మొదటిదీ రాదు. గ్రామవండిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మన అసమానత ఇంకా పెరుగుతుంది.

బయటి దేశాల దారులు

ఇంగ్లండ్‌లో 1985 రవాణా చట్టంతో లండన్ బయట బస్సులను మార్కెట్టుకు వదిలేశారు. లాభమున్న రూట్లు కంపెనీలు నడుపుకుంటాయి. అవసరమున్నా లాభం లేని రూట్లకు స్థానిక కౌన్సిళ్లు టెండరు పిలిచి డబ్బు కట్టాలి. ఆ పద్ధతిలో ఒక మంచి ఉంది, ఏ ట్రిప్పుకు ఎంత ప్రజాధనం పోతుందో కాగితం మీద ఉంటుంది. 2010 తర్వాత కౌన్సిళ్ల నిధులు కోసేయడంతో ఆ ట్రిప్పులే ముందు పోయాయి. విసిగిన గ్రేటర్ మాంచెస్టర్ 2023 సెప్టెంబరు నుంచి 2025 జనవరి లోపు బస్సులన్నిటినీ మళ్లీ తన అదుపులోకి తెచ్చుకుంది. రూటు, చార్జీ, వేళలు ఇప్పుడు ప్రాంతీయ పాలక సంస్థవే, కంపెనీలు కిరాయికి నడుపుతాయి.

ఫ్రాన్స్‌లో స్థానిక రవాణాకు సొంత ఆదాయ వనరే ఉంది. 1971లో పారిస్‌లో మొదలై తర్వాత ఇతర నగరాలకు విస్తరించిన పన్ను అది. ఉద్యోగుల సంఖ్య ఒక మేర దాటిన సంస్థలు జీతాల మొత్తం మీద కొంత శాతం స్థానిక రవాణాకు కట్టాలి. ఐరోపా సమాఖ్య 2007లో చేసిన 1370వ నంబరు నిబంధన ప్రజాసేవ పేరుతో ఏ రూటు నడపమన్నా, అందుకు ఇచ్చే పరిహారాన్ని ఒప్పందంలో ముందే రాయాలంటుంది. మూడు చోట్లా తేలేది ఒకటే. నడపమన్నవారు కడతారు, కట్టేది ముందే రాస్తారు, కట్టడానికి నిలకడైన ఆదాయం చూపిస్తారు. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా బస్సు ఆగుతుంది.

తెలంగాణలో కొత్త అడుగు

2025 మార్చి 8న ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. ఇందిరా మహిళా శక్తి కింద మండల మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిచ్చాయి. తొలివిడత 150, ఒక్కో బస్సుకు నెలకు 77,220 రూపాయల అద్దె. అంతకు రెండు వారాల ముందే నారాయణపేట జిల్లా మహిళా సమాఖ్య పెట్రోలు బంకు మొదలుపెట్టింది. స్థానిక సంఘాలు రవాణాలో పెట్టుబడి పెట్టగలవని, లెక్కలు చూసుకోగలవని ఇవి చూపిస్తున్నాయి. అయితే ఈ ఏర్పాటులో సమాఖ్య బస్సు యజమాని మాత్రమే. ఆ బస్సు తన మండలంలోనే తిరగాలని, హైస్కూలు వేళకు రావాలని చెప్పే హక్కు ఆ యాజమాన్యంతో పాటు రాదు. ఆ ఒక్క షరతు చేర్చితే చాలు, ఇది ఆదాయ పథకం నుంచి రవాణా పథకంగా ఎదుగుతుంది.

ఏం చేయాలి

ఇంతవరకు చూసిన అనుభవాలన్నీ కలిపి నాకు తోచిన దారి ఇది.

మొదట, ప్రతి ఆవాసానికీ కనీస బస్సు ఎంతో రాష్ట్రం ప్రకటించాలి. ఇంతకు మించిన జనాభా ఉన్న ఊరికి రోజుకు ఇన్ని ట్రిప్పులు, అందులో బడి వేళకు ఒకటి, చీకటి పడకముందు తిరుగు బస్సు ఒకటి. ఈ కనీస సేవకు రాష్ట్రమే కిలోమీటరు చొప్పున కట్టాలి. ఎంతమంది ఎక్కారన్న దానితో దీనికి సంబంధం ఉండకూడదు. మహాలక్ష్మికి ఇచ్చే సొమ్ము పక్కన దీనికి ప్రత్యేక పద్దు ఉండాలి. పేద పంచాయతీ మీద ఈ బరువు వేయకూడదు.

రెండు, వేళలూ దారీ నిర్ణయించేది మండల స్థాయిలో జరగాలి. సర్పంచులు, మున్సిపల్ ప్రతినిధులు, హెడ్‌మాస్టర్లు, ఆసుపత్రి వైద్యులు, మహిళా సమాఖ్య, డిపో మేనేజరు కలిసి ఏడాదికి రెండుసార్లు, బడులు తెరిచేముందు ఒకసారి, వ్యవసాయ పనుల కాలం మారాక ఒకసారి కూర్చోవాలి. కోస్గి, మద్దూరు, కొడంగల్, దౌల్తాబాద్ వంటి చోట్ల రెండు జిల్లాలవాళ్లూ కలిసి కూర్చోవాలి. జనం జిల్లా గీతలు చూసి ప్రయాణం చేయరు.

మూడు, కనీస సేవకు మించి ట్రిప్పు కావాలనుకునే స్థానిక సంస్థ గ్రామవండి తరహాలో డీజిల్ ఖర్చు కట్టి తీసుకునే వీలుండాలి. ఆర్థిక సంఘపు నిధుల్లో స్వేచ్ఛగా వాడుకునే భాగాన్ని ఇందుకు వాడవచ్చని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. లేకుంటే ఆడిట్‌కు జంకి ఏ కార్యదర్శీ సంతకం పెట్టడు.

నాలుగు, బస్సు తిరగలేని చోట ఆటోను శత్రువుగా చూడటం మానాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ గ్రామీణ రవాణాకు, ఇంటిదాకా చేర్చే రవాణాకు రాష్ట్రం పథకాలు రూపొందించే వీలిచ్చింది. చిన్న వాహనాలకు రూటు, వేళ, చార్జీ, బీమా ఖాయం చేసి, బస్సు టైముకు అందించేలా ఒప్పందం రాసుకోవచ్చు. ఉచిత ప్రయాణంతో రాబడి తగ్గిన ఆటోవాళ్లకూ ఇది ఆసరా.

చివరిది, ఒప్పుకున్న ట్రిప్పుల్లో నడిచినవెన్నో నడవనివెన్నో నెలనెలా పంచాయతీ గోడ మీద రాయాలి. ట్రిప్పు తప్పితే సొమ్ము కోత పడాలి. టికెట్లు ఇచ్చే టిమ్ మిషన్లో ప్రతి టికెట్టూ నమోదవుతున్న ఈ రోజుల్లో ఇందుకు కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు.

దీనికి ఎదురయ్యే ప్రధాన అభ్యంతరం డబ్బే. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఊరికి బస్సు లేనప్పుడు ఖర్చు తప్పిపోదు, చేతులు మారుతుంది. ఆటోకు కట్టే యాభై రూపాయలు, కిస్తీల మీద కొన్న మోటారు సైకిల్, టౌన్‌లో అద్దె గది తీసుకుని చదివించే తండ్రి అప్పు, ఆలస్యంగా ఆసుపత్రికి చేరిన మనిషి ప్రాణం, చదువు మానేసిన అమ్మాయి జీవితం. ఇవన్నీ రవాణా ఖర్చులే. ప్రభుత్వ పద్దులో కనిపించనంత మాత్రాన ఇవి లేనట్టు కాదు. ఊరు మోస్తున్న ఈ ఖర్చును లెక్కలోకి తెచ్చి, దానికి ఒక ఒప్పందం, ఒక పద్దు, ఒక వేదిక ఇవ్వమనడం దయ కోసం చేసే మనవి కాదు. పన్ను కట్టే పల్లెకు అది హక్కు. కొత్తగా గెలిచిన సర్పంచులు తమ తొలి గ్రామసభల్లోనే ఊరికి కావలసిన బస్సు వేళలను తీర్మానంగా రాసి డిపోకు, కలెక్టరుకు పంపాలి. నిధుల మాట తేలేలోపు చేయగలిగిన పని ఇది. ఏ ఊరికి ఏ వేళకు బస్సు కావాలో కాగితం మీదికి వస్తేనే, అది నడపడానికి ఎంతవుతుందో, ఎవరు కట్టాలో ప్రభుత్వం తేల్చక తప్పని స్థితి వస్తుంది.